నిప్పు తర్వాత చెయ్యి

నమోదు 61

ఈ పుస్తకంలో మేత సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని సభవారి ఉత్తర్వు. ఎంత నాచు, ఎంత గుల్ల సున్నం, ఎంత విటమిన్ పొడి, ఎన్ని పొంగులు. సరే, అవే రాద్దామని కూర్చున్నాను. ఇంతలో దాలయ్య మా తమ్ముడి మూతి పగలగొట్టాడు. దీన్ని ఏ గడిలో రాయాలో సభవారే చెప్పాలి.

పొద్దున మేతగదిలోంచి బయటికొచ్చేసరికి నీటి మర దగ్గర జనం మూగి ఉన్నారు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ఆ మరను చూసుకునేది మా తమ్ముడు కోదండం. వాడు ఇనుప నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గుండెల మీద దాలయ్య కూర్చుని రెండు చేతులా గుద్దుతున్నాడు. దాలయ్య లంగరు గొలుసు మర తిప్పే మనిషి. వాడి చెయ్యి ఒక్కసారి పడితే చాలు, ఇంకోటి అక్కర్లేదు. వాడు మాత్రం ఆపలేదు.

"నీళ్ళల్లో ఏటి కలిపేవురా? నా సాచ్చి సచ్చిపోనాది! అద్దానికి తల బాదుకోని బాదుకోని సచ్చింది!"

"నానేటీ కలపనేదన్నా..." అంటుండగానే కోదండం నోట్లోంచి పన్ను రాలింది.

నలుగురు పట్టుకుని లాగితే గాని దాలయ్య లేవలేదు. లేస్తూ లేస్తూ ఒక తన్ను తన్నాడు. నేను వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పుస్తకం సభవారిది.

మా నాలుక్కాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక అద్దాల తొట్టి ఉంటుంది, అందులో ఒక ఎర్ర చేప. మర నీళ్ళు ముందు తొట్టిలో పోసి, మిగతావి బిందెలో మూతపెట్టి ఉంచుతారు. పూట గడిచాక చేప నిలకడగా ఈదుతుంటేనే బిందె మూత తీస్తారు. అందుకే దాన్ని సాక్షి అంటాం. అది తూలితే ఆ ఇంట్లో పసిపిల్ల కూడా చుక్క ముట్టదు. నేలను సముద్రం మింగేశాక, నాలుగు ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ ఈ పాత చమురు బావి మీదే మేం పుట్టాం. మాకు నమ్మడానికి ఆ చేప ఒక్కటే మిగిలింది.

ఊరి సాక్షులన్నిటికీ మేత వండేది నేను. పేరు నూకరత్నం. పొంగులు రెండు. సున్నం, పొడి మామూలే.

నమోదు 62

ఇవాళ ఇంకో నాలుగిళ్ళలో చేపలకు పిచ్చెక్కింది. పిచ్చి కాక మరేమనాలి? ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. చెంచా కిందపడిన చప్పుడైతే చాలు, గిలగిలా కొట్టుకుని, గిర్రున తిరిగి అద్దాన్ని గుద్దుకుంటున్నాయి. ఎర్ర రంగు వెలిసిపోయింది. పొలుసుల కింద నెత్తురు మరకలు.

నీళ్ళు ముట్టేవాళ్ళు లేరు. వాన నీళ్ళు పట్టే టార్పాలిన్ కింద మధ్యాహ్నం కొట్లాట. చిన్న జల్లు పడింది, అంతే. దానికోసం ఒకడు ఇంకొకడి తొడలో కొక్కెం దింపాడు. దిగబడిన కొక్కెంతోనే వాడు చెంబు వదలకుండా తాగాడు. నా కళ్ళతో చూశాను.

అందరూ కోదండం వైపే చూస్తున్నారు. దానికి కారణం ఉంది. పోయిన వానల్లో మేతకు బూజు పట్టి సాక్షులు చచ్చాయి. సాక్షి లేని ఇళ్ళవాళ్ళు దాహానికి ఆగలేక నీళ్ళు తాగేశారు. అదే సమయంలో మర జల్లెడ చిరిగి ఉందని ఎవరికీ తెలియదు. ఎనిమిదిమంది పోయారు. అందులో మా ఆయన ఒకడు, దాలయ్య కూతురు ఒకతె. జల్లెడ చిరగడం కోదండం తప్పు కాదని సభ తేల్చింది. సభ తేల్చినంత మాత్రాన జనం మనసులో తేలుతుందా?

బూజు చేతుల నుంచి అంటిందని కూడా తేల్చారు. అప్పుడే ఈ చట్టం వచ్చింది. మేత రెండు పొంగులు రావాలి, వెయ్యాల్సినవన్నీ ముందే వేసెయ్యాలి, దించాక ఎవరి చెయ్యీ తగలకూడదు. నిప్పు తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళ చేతిని అదే పొయ్యి మీద కాలిన మూతకు అంటిస్తారు. ఆ చట్టానికి సభలో అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, ఎత్తనా మరి?

నమోదు 63

కోదండాన్ని లంగరు గదిలో పడేశారు. ఏ గొట్టంలో ఏం కలిపాడో చెప్పమని కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే విరిచారట. నేను వెళ్ళేసరికి ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది.

"సెప్పీరా," అన్నాను. "ఏదో ఒక గొట్టం పేరు సెప్పీ. కడిగేస్తారు, వదిలేస్తారు."

"కడిగీసినాక కూడా సేపలు సస్తే? ఇంకో గొట్టం అడుగుతారక్కా. నీళ్ళు బాగున్నాయి. నాను రోజూ అందరికన్నా ముందు తాగుతున్నాను. నాకేటయ్యింది?"

"నువ్వు సేపవి కాదు కదా, నీ మాటెవడు నమ్ముతాడు!"

వాడు నవ్వబోయాడు, పగిలిన పెదవి లాగింది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడినప్పుడూ ఇలాగే నవ్వబోయి ఏడ్చాడు. నా ఒళ్ళో పెరిగినవాడు వాడు. మా అమ్మకు వీడు పుట్టాక పాలు లేకపోతే గంజి నేను పట్టాను.

సభ పెద్ద పైడమ్మ గారు సాయంత్రం చాటింపు వేయించారు. ఎల్లుండికి చేపలు కుదుటపడకపోతే గొలుసు దింపుతారు. అంటే మనిషిని లంగరు గొలుసుకు కట్టి, పాటు సమయంలో, సముద్రం తగ్గి ఉన్నప్పుడు, నీటి అంచుదాకా దించి వదిలేస్తారు. పోటు ఎక్కుతుంటుంది. నిజం చెబితే పైకి లాగుతారు. చెప్పకపోతే సముద్రమే చూసుకుంటుంది.

చెప్పడానికి నిజమే లేనివాడు ఏం చెప్పాలో చాటింపులో లేదు.

నమోదు 64

పొద్దున్నుంచీ మేతగదిలో కూర్చుని తిడుతున్నాను. ఎవర్నంటే అందర్నీ. త్రాసు పక్కన తొట్టిలో నా సాక్షి మాత్రం తోక ఊపుకుంటూ తిరుగుతోంది. నిటారుగా, ఎర్రగా ఉంది.

"ఊరంతా సస్తుంటే నీకేం రోగమే, ఇంత బాగున్నావు?" అని దాన్నీ తిట్టాను. అని, టక్కున నోరు మూసుకున్నాను.

అవే నీళ్ళు. మర పక్కనే నా గది, విషం ఉంటే ముందు నా చేపే పోవాలి. మేత కూడా అదే, నా కుండలోదే. మరి తేడా ఏమిటి?

లేచి, రోజూ చేసే పని చేసి చూశాను. గరిటెతో పొడి తూచాను. సున్నం కలిపిన కుండలో పోశాను. తర్వాత ఎప్పట్లాగే రెండు చేతులూ దులుపుకున్నాను. ఎక్కడ దులిపాను? తొట్టి మీద. త్రాసు పక్కనే తొట్టి కదా, నాకు అలవాటు. పసుప్పచ్చ నుసి నీళ్ళ మీద వాలింది. చేప పైకొచ్చి గుటుక్కున మింగింది.

ఊరి చేపలన్నిటికీ ఉడికిన పొడి. నా చేప ఒక్కదానికి పచ్చి పొడి. ఇంతే తేడా.

ఇంకోటి కూడా తట్టింది. పచ్చి పొడికి ఒక పాడు కంపు ఉంటుంది, పిండి పులిసినట్టు. రెండో పొంగుకు అది పోతుంది. పీడా పోయిందని సంతోషించేదాన్ని. కంపుతో పాటు పొడిలో సారమూ పోతోందని తట్టి చావలేదు. గుల్ల సున్నం చేప ఎముకకు బలం, దానికి నిప్పు లెక్కలేదు. విటమిన్లు అలా కాదు. వాటిని సున్నపు ఘాటులో రెండుసార్లు ఉడకబెడితే ఇంకేం మిగులుతుంది? వెనక చట్టం లేని రోజుల్లో మేత చల్లారాకే పొడి చల్లేవాళ్ళం. ఇప్పుడు సాక్షులు కడుపునిండా తింటూనే మాడుతున్నాయి. నీళ్ళల్లో ఏదో ఉండి కాదు, మేతలో ఉండాల్సింది లేక.

పైడమ్మ గారి దగ్గరికి పోతున్నాను.

నమోదు 65

పైడమ్మ గారు అంతా విన్నారు. తెలివిలేని మనిషి కాదు, అదే నా ఆశ.

"ఒక్క తొట్టికి సల్లారిన మేతలో పచ్చి పొడి కలిపి సూడత్తా," అన్నాను.

"నిప్పు తర్వాత సెయ్యా?" ఆవిడ గొంతు మారింది. "ఆ సట్టం ఎనమండుగురి శవాల ముందు నిలబడి రాసినాం. నీ మొగుడి శవం కూడా ఉన్నాది అందులో."

"నాకు గుర్తు సెయ్యక్కర్లేదు."

"తమ్ముడి కోసం ఏదైనా సెప్తాదని నిన్ను అంటారు, నూకరత్నం. ఒక పని సెయ్యి. నీ సేపని రేపు సభలోకి తే. అవే నీళ్ళల్లో నిలకడగా ఉన్నాదని జనం కళ్ళారా సూస్తే, అప్పుడు ఆలోసిస్తాం."

పరుగున వచ్చాను. మేతగది తలుపు ఊడి వేలాడుతోంది. లోపల దాలయ్య, వాడితో ఇంకో ఇద్దరు. దాలయ్య చేతిలో గునపం.

"అదిగో, సూడండి! ఊరందరి సాచ్చులూ సస్తుంటే దీని సేప నవనవలాడతన్నాది. అక్కకి మంచినీళ్ళు దాసి పెట్టి, మనకి విషం పంపుతున్నాడు ఆడు!"

"దాలయ్యా, దాన్ని ముట్టకు. ఊరు బతకాలంటే అదొక్కటే ఆధారం..."

"నా కూతురికి ఏటి ఆధారం మిగిలిందక్కా?" అని గునపం ఎత్తి తొట్టి మీద వేశాడు.

అద్దం భళ్ళున పగిలింది. నీళ్ళు నా కాళ్ళ మీదుగా పోయాయి. చేప నేల మీద ఎగిరింది, మళ్ళీ ఎగిరింది. వాడు దాని మీద కాలేసి మడమతో నులిమాడు. నా తమ్ముడి ప్రాణం వాడి మడమ కింద చితికిన చప్పుడు విన్నాను.

పొయ్యి మీద మేత రెండో పొంగులో ఉంది. కుండ చెవులు పట్టుకుని ఎత్తి వాడి మీద కుమ్మరించాను. మొహానికి అడ్డం పెట్టిన కుడిచెయ్యి మీద పడింది, మోచేతి దాకా. వాడు అరిచిన అరుపుకు మిగతా ఇద్దరూ పారిపోయారు. వాడి చేతి తోలు మేతతో పాటే ఊడివచ్చింది. తప్పు చేశానని అనుకోవడం లేదు. మొహం మీద పడలేదనే నా బాధ.

నమోదు 66

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ.

పాటు వేళకు కోదండాన్ని దించారు. గొలుసును నడుముకు చుట్టి, విరిగిన చేతిని కూడా కలిపి కట్టారు. దించేముందు నా వైపు చూసి, "మర జల్లెడ రేపు కడగాలక్కా, ఎవరికైనా సెప్పు," అన్నాడు. చావబోయే ముందు ఎవడైనా మాట్లాడే మాటేనా అది?

గొలుసు మర దగ్గర దాలయ్య నిలబడ్డాడు, చేతికి గుడ్డ చుట్టుకుని. జనం మధ్యలో సభ తొట్టి పెట్టారు. అందులో ఊరందరి చేప ఒరిగిపోయి, మొప్పలు ఎగరేస్తోంది. నేను చల్లారిన మేత కుండ, పొడి డబ్బా పట్టుకుని వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పాను. నిప్పు తర్వాత చెయ్యి పెడతానని చెప్పాను. చేప తేరుకునేదాకా గొలుసు పైకి లాగి ఉంచమన్నాను.

జనం గోల చేశారు. పైడమ్మ గారు చెయ్యెత్తి ఆపారు. "సట్టం సట్టమే. శిక్ష ముందు, పరీక్ష తర్వాత. అందాకా గొలుసు కదపొద్దు."

మూత కాల్చి తెచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళు నా భుజాలు పట్టుకోబోతే తోసేశాను. నా చెయ్యి నేనే పెట్టాను. పెట్టానని గొప్పగా రాస్తున్నాను గానీ, అంటుకోగానే గొంతు చించుకుని అరిచాను. తోలు మూతకు అతుక్కుపోయింది. తీస్తుంటే అరచెయ్యి సగం అక్కడే ఉండిపోయింది.

ఎడమ చేత్తో మేతలో పచ్చి పొడి కలిపి, ఉండలు చేసి తొట్టిలో వేశాను. చేప నోరు తెరవలేదు. ఉండలు దాని పక్కనుంచే అడుక్కు దిగిపోయాయి. మళ్ళీ వేశాను. తినదు. రోగం ముదిరిన చేప తినదు, ఇంత అనుభవం ఉండి ఆ సంగతి మర్చిపోయాను. కింద నీళ్ళు కోదండం మోకాళ్ళు దాటాయి.

తినకపోతే మొప్పల్లోంచైనా పోవాలి. ఇంకేమీ ఆలోచించలేదు. డబ్బా మొత్తం తొట్టిలో వంచేశాను. నీళ్ళు పచ్చగా మారిపోయాయి. చేప ఒక్కసారి గిలగిలా కొట్టుకుంది.

"విషం! మన కళ్ళ ముందే పోస్తున్నాది!" అని ఎవరో కేక వేశారు.

అంతే. దాలయ్య గొలుసు మర కొక్కేన్ని కాలితో తన్నాడు. చక్రం గిర్రున తిరిగింది. గొలుసు అంతా ఒక్క ఊపున కిందికి జారిపోయింది. ఆ చప్పుడులో మా తమ్ముడు అరిచాడో లేదో నాకు తెలియదు.

మర వైపు పరుగెత్తాను. నన్ను పడేశారు. ఎవరి కాళ్ళో నా పక్కటెముకల మీద పడ్డాయి. ఒకడి మణికట్టు కొరికి పట్టుకున్నాను, నోట్లోకి నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. పైడమ్మ గారు "లాగండి, పైకి లాగండి" అని అరుస్తూనే ఉన్నారు. ఆవిడ మాట వినేవాళ్ళు అక్కడ లేరు. నన్ను నేలకు అదిమిపెట్టి కూర్చున్నారు. పోటు నిండిపోయింది.

పొద్దు వాలుతుండగా ఒక ముసలావిడ, "ఓలమ్మా, సూడండి," అంది.

చేప నిటారుగా నిలబడింది. అడుక్కు దిగిన ఉండల దగ్గరికి వెళ్ళి ఒకటి నోటితో అందుకుంది. దాలయ్య వచ్చి వేలి కణుపుతో అద్దం మీద గట్టిగా కొట్టాడు. చేప బెదరలేదు. వాడి వైపు తిరిగి చూసి మళ్ళీ తినడంలో పడింది.

దాలయ్య మర దగ్గరికి పరుగెత్తాడు. నలుగురు తిప్పాల్సిన చక్రాన్ని ఒక్కడే తిప్పాడు. చేతి గుడ్డ ఊడిపోయి పిడికి నెత్తురూ చీమూ అంటుకున్నాయి. తిప్పుతూ ఏడుస్తున్నాడు. గొలుసు పైకి వచ్చింది.

ఇంక రాయలేను.

నమోదు 67

మేత సంగతి. గుల్ల సున్నం నిప్పుకు ముందు, విటమిన్ పొడి చల్లారాక. ఊళ్ళో బతికి ఉన్న సాక్షులన్నీ తేరుకున్నాయి. బిందెల మూతలు తెరుచుకున్నాయి. కోదండాన్ని నిన్న సముద్రానికి ఇచ్చేశాం. మర జల్లెడ నేనే కడిగించాను.

సభ చట్టం మార్చింది. ఎలా మార్చారో రాస్తే ఎవరైనా నవ్వుతారు. నిప్పు తర్వాత కాలిన చెయ్యి మాత్రమే మేతను ముట్టాలట. కాలిన చేతికి బూజు అంటదని ఎవరో అన్నారు, అందరూ తలలూపారు. సబ్బుతో కడిగిన చెయ్యి ఏదైనా చాలని నేను మొత్తుకున్నాను. వినలేదు. ఒక చట్టానికి మనిషిని బలిచ్చినవాళ్ళు ఊరికే ఎలా వదులుకుంటారు? రేపు నా తర్వాత ఈ పనికి వచ్చే పిల్ల ముందు మూత మీద చెయ్యి పెట్టాలి. ఆ లోపల ఈ చట్టాన్ని చంపకపోతే నా పేరు నూకరత్నం కాదు.

అంతవరకూ, నేను ఒక్కదాన్ని ఊరి మేతంతా కలపలేను. నా అరచెయ్యి ఇంకా మానలేదు. ఊళ్ళో కాలిన చెయ్యి ఇంకొకటే ఉంది.

పొద్దున దాలయ్య వచ్చి తలుపు లేని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కుడిచెయ్యి గుడ్డల్లో ఉంది. లోపలికి రాలేదు.

"సభ పంపింది," అన్నాడు. "ఏటి సెయ్యాలక్కా?"

కత్తి చేతికందే దూరంలోనే ఉంది. ఉందని వాడికీ తెలుసు. వాడు దాని వైపు చూడను కూడా లేదు. పొడిస్తే కదలకుండా నిలబడేవాడు, అదే నాకు ఒళ్ళు మండించింది.

"గుడ్డ ఇప్పు," అన్నాను. "సబ్బుతో కడుగు. మోసేతి దాకా."

పచ్చి మాంసం మీద సబ్బు పెట్టుకుని కడిగాడు. పళ్ళు కొరుక్కున్నాడు గాని అరవలేదు. నేను మేతను రెండు పొంగులు పొంగించి దించి, చల్లారనిచ్చాను. పొడి తూచి గరిటె వాడి చేతికిచ్చాను.

"ఊరికే వెయ్యకు. ముందు మా తమ్ముడి పేరు సెప్పు. గట్టిగా సెప్పి, అప్పుడు వెయ్యి. రోజూ. నువ్వున్నన్నాళ్ళూ."

వాడు పేరు చెప్పకుండానే గరిటె వంచబోయాడు. నేను కుండకు చెయ్యి అడ్డం పెట్టాను. చివరికి, "కోదండం," అని పొడి వేశాడు. సగం నేల మీద పడింది.

"మళ్ళీ," అన్నాను.

"కోదండం."

గుమ్మం దగ్గర మేతకోసం వచ్చిన ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. చంకలో పిల్లలు కూడా వింటున్నారు. ఈ ఊరి సంగతి నాకు తెలుసు. రేపు దాలయ్య పోయాక ఇంకొకళ్ళు అంటారు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు అంటారు. పేరు చెప్పకుండా పొడి వేస్తే మేత చెడుతుందని కూడా అంటారు. ఎవడో, ఎలా పోయాడో ఒక్కరికీ గుర్తుండదు. కోదండం అంటే ఆ పసుప్పచ్చ పొడి పేరే అనుకుంటారు.

అనుకోనీ. అది లేకపోతే చస్తామని మాత్రం తెలిసుంటుంది కదా.